ఏమీ జరగని అరగంట

నా పదవీ విరమణ సభలో మా ఎండీ గారు మైకు అందుకుని, "మన కంపెనీని కొన్నేళ్లు వెనక్కి లాగిన ఘనత ఈ అక్కగారిదే" అన్నారు. శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. నా వంతు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి, "అవునండీ, లాగాను. మళ్లీ అవసరమొస్తే మళ్లీ లాగుతాను" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. శాలువా కప్పించుకున్నవాళ్లు అలా మాట్లాడకూడదట. ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు.

ఆ లాగుడు సంగతేమిటో, ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. అందరూ నాకు కావలసినవాళ్లే. ఒకరిద్దరు మాత్రం ఇప్పటికీ నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటారు.

మా ల్యాబు విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే దారిలో, హైవేకి కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడది రొయ్యల మేత తయారుచేసిన షెడ్డు. వాన పడిన రోజున గోడల్లోంచి ఇప్పటికీ చేప పిండి వాసన వస్తుంది. మా ఎండీ గారిది రొయ్యల చెరువుల మీద పైకొచ్చిన రైతు కుటుంబం. రొయ్య వల్ల బాగుపడ్డవాణ్ణి, రొయ్య వల్ల బాధపడేవాళ్ల కోసం ఏదైనా చేయాలని ఆయన పట్టుదల. ఈ మాట ఇంకెవరైనా అంటే నేనూ నవ్వేదాన్నే. కానీ వాళ్ల తమ్ముడి కూతురు చిన్నప్పుడు ఒక పెళ్లి విందులో రొయ్యల వేపుడు తిని, ముఖం ఉబ్బిపోయి, ఊపిరాడక కొట్టుకుంటుంటే కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఆయనే. అందుకని ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతక్కండి, దొరకడు.

పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. రొయ్యలో ఒక ప్రొటీన్ ఉంటుంది. మామూలు మనిషికి అది తిండి, అంతే. అలర్జీ ఉన్నవాళ్ల రక్తంలో మాత్రం దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలు కొక్కేల్లాగా కాచుకుని ఉంటాయి. పట్టుకున్నాయంటే దద్దుర్లు, ఆయాసం, ఒక్కోసారి బీపీ పడిపోయి మనిషే పోతాడు. దీనికి పాత వైద్యం ఒకటుంది. ఆ పడని ప్రొటీన్‌నే కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఒంటికి అలవాటు చేస్తారు. చిక్కేమిటంటే ఒక్కోసారి ఆ వైద్యమే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని కొక్కేలు పడే చోట్లను మాత్రం మార్చేసి, మిగతా ప్రొటీన్‌ను ఉన్నదున్నట్టు ఉంచాలన్నది మా ఆలోచన. ఒళ్లు దాన్ని చూసి అలవాటు పడాలి, కొక్కేలకు మాత్రం అది చిక్కకూడదు. నా ఉద్యోగ జీవితంలో మంచి వయసంతా ఈ ఒక్క పనికే పోయింది. అందుకు నాకేమీ విచారం లేదు.

కొక్కేలు ఎక్కడ పడతాయో తెలియాలంటే అలర్జీ ఉన్నవాళ్ల రక్తం కావాలి. విజయవాడలో మాతో కలిసి పనిచేసిన ఒక అలర్జీ డాక్టరు గారి క్లినిక్‌కు వచ్చే రోగుల దగ్గర, వాళ్ల ఒప్పుదలతో రక్తం తీసుకున్నాం. ఎవరి రక్తం తీసుకోవాలో తేల్చడానికి మేమంతా కూర్చుని ఒక ప్రశ్న తయారుచేశాం. 'రొయ్యలు తింటే మీకు ఏమవుతుంది?' ఇదీ ఆ ప్రశ్న.

ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లం ఎలాంటివాళ్లమో ముందు చెప్పాలి. మా క్యాంటీన్‌లో బుధవారం రొయ్యల వేపుడు. ఆ రోజు ఎవరూ సెలవు పెట్టరు. గుడివాడ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లయితే ఎవరికైనా రొయ్య పడదని తెలిస్తే పెళ్లిచూపుల్లో దాచాల్సిన లోపం లాగా చూసేవారు. అలాంటివాళ్లం మేము రొయ్య గురించి ఆలోచిస్తే కంచంలోంచే ఆలోచిస్తాం గానీ ఇంకెక్కణ్ణుంచి ఆలోచిస్తాం? రొయ్య నోట్లోంచి కాకుండా ఇంకో దారిన కూడా మనిషిలోకి వెళ్తుందని మా ఎవరికీ తట్టలేదు.

ఆ రక్తం మీద మా మందు చక్కగా నిలబడింది. పరీక్షలు చూసేది విజయవాడ వన్‌టౌన్ నుంచి వచ్చే ఒకాయన. అందరం ఆయన్ను భాయ్ అనే పిలిచేవాళ్లం. ఏది చెప్పినా "చూద్దాం" అనేవారు. పై అధికారి మెచ్చుకున్నా చూద్దాం, మెషీన్ చెడిపోయినా చూద్దాం. ఆయన చేసే ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. తాజా రక్తంలో ఒక రకం తెల్లకణాలు ఉంటాయి. పడని ప్రొటీన్ తగిలిందంటే అవి రేగిపోతాయి. రేగితే మెషీన్ తెర మీద చుక్కల గుంపు ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతుంది. క్లినిక్ రక్తానికి మామూలు రొయ్య ప్రొటీన్ తగిలిస్తే చుక్కలన్నీ జరిగాయి. మా మందు తగిలిస్తే ఒక్కటీ కదల్లేదు. ఆ రోజు ఎండీ గారు ల్యాబు మొత్తానికి కాకినాడ కాజాలు తెప్పించారు. భాయ్ మాత్రం కాజా కొరుకుతూ "చూద్దాం" అన్నారు.

అనుమతులన్నీ వచ్చాయి. మనుషుల మీద మొదటి పరీక్ష ఎవరితో మొదలుపెట్టాలా అన్నప్పుడు ఎండీ గారే అన్నారు, రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లతో మొదలుపెడదామని. దగ్గుతూ, ఆయాసపడుతూ పని మానలేక బాధపడేది వాళ్లే. మంచి ఆలోచనే. డాక్టరు గారు వాళ్ల చర్మం మీద రొయ్య సారం గుచ్చి చూస్తే దద్దు లేచింది, రక్తంలో యాంటీబాడీలూ కనిపించాయి. ఇంకేం కావాలి అనుకున్నాం.

పరీక్ష మొదలవబోయే వారంలో వాళ్లకు అన్నీ వివరంగా చెప్పి రావాలని నేనూ, విజయవాడలో పరీక్ష జరగాల్సిన ఆసుపత్రి నర్సమ్మా కైకలూరు దారిలో ఉన్న ఆ షెడ్డుకు వెళ్లాం. ఒక పక్క ఆడవాళ్లు వరసగా కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. ఇంకో పక్క పెద్ద పెద్ద తొట్లలో రొయ్యలు ఉడుకుతున్నాయి, మనిషికి మనిషి కనపడనంత ఆవిరి. ఆ ఆవిరి దగ్గర నిలబడి పని నడిపించే ఆవిడను అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు. వలిచే పీట మీద మొదలుపెట్టి మేస్త్రి అయిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఆ సంగతి ఆవిడ నడకలోనే తెలుస్తుంది. కానీ ఆవిరి దగ్గర కాసేపు నిలబడితే చాలు, గోడ పట్టుకుని ఊపిరి కోసం వంగిపోయేది. ఆయాసం తగ్గకపోతే మళ్లీ పీట మీద కూర్చోబెడతానని షెడ్డు యజమాని అప్పటికే చెప్పేశాడు. మా మందు మీద ఆవిడ అంత ఆశ పెట్టుకుంది అందుకే.

మధ్యాహ్నం అన్నాల వేళైంది. మేస్త్రమ్మ క్యారియర్ విప్పింది. చింతచిగురు రొయ్యలు.

"అదేమిటమ్మా, నీకు రొయ్య పడదు కదా!" అన్నాను.

ఆవిడ నవ్వింది. "తింటే ఏం కాదండి. చిన్నప్పట్నుంచీ తింటానే ఉన్నాను. ఆ ఆవిరి కాడికెళ్తేనే గుండెలు పట్టేస్తాయి. మీకూ కొంచెం పెట్టమంటారా మేడమ్ గారూ?"

పక్కనున్నవాళ్లను అడిగాను. దగ్గేవాళ్లలో ముప్పాతిక మంది అదే మాట. తింటారు, ఏమీ కాదు. పీలిస్తేనే బాధ. కూర పెట్టించుకుని తిన్నాను గానీ దాని రుచి నాకు తెలియలేదు.

ఎందుకో మీకు చెబుతాను. తిన్న ప్రొటీన్‌ను కడుపు ముక్కలు ముక్కలుగా నరుకుతుంది. తిని అలర్జీ తెచ్చుకున్నవాళ్ల కొక్కేలు ఎక్కువగా ఆ ముక్కలనే పట్టుకోవడం నేర్చుకుంటాయి. పీల్చిన ప్రొటీన్ జోలికి కడుపు రాదు. దాని మడతలు చెదరకుండా, నిండుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పీల్చేవాళ్ల కొక్కేలు పట్టుకునేది ఆ మడతలనే అయితే? మేము మార్చింది ముక్కల్లోని చోట్లను. మడతలను మార్చకపోగా, మందు నిలవ ఉండాలని వాటిని ఇంకా గట్టిగా బిగించాం. ఆ బిగింపు నా ఆలోచనే. దాని గురించి నేను సభల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

మందు వేసే ముందు ఎలాగూ రక్తం తీసుకోవాలి. నర్సమ్మ చేత అక్కడే తీయించాను. తాజా రక్తం గనక ఆలస్యం చేయకూడదు. జంక్షన్‌లో టీ తాగడానికి కూడా ఆపనివ్వలేదని డ్రైవరు నా మీద అలిగాడు. ల్యాబులో దిగుతూనే పెట్టె భాయ్ చేతిలో పెట్టి సంగతి చెప్పాను. "చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన మెషీన్ ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కుర్చీ కాస్త పక్కకు జరిపారు. తెర మీద చుక్కలు ఆ మూలన ఉన్నాయి. మామూలు రొయ్య ప్రొటీన్‌కు ఎలా రేగాయో, మా మందుకూ అలాగే రేగాయి. అందరివీ కాదు, కొందరివి. అన్నిటికన్నా ఎక్కువగా రేగింది మేస్త్రమ్మ రక్తం.

"మళ్లీ చేశారా?" అన్నాను.

"చేశానమ్మా. వేరే బ్యాచ్‌తో కూడా చేశాను. అదే వస్తోంది" అన్నారు. చూద్దాం అనలేదు. అప్పుడు భయమేసింది నాకు.

భయం తర్వాత కోపం వచ్చింది, నా మీద నాకు కాదు. పశ్చాత్తాపం లాంటిదాని కోసం మీరు ఎదురు చూస్తుంటే మానుకోండి. ప్రశ్న తప్పుగా వేశాం, తప్పు దొరికింది, దిద్దుకోవాలి, పనంటే అదే. నా కోపమల్లా రాబోయే మాటల మీద. ఆ మాటలేమిటో నాకు ముందే తెలుసు. ఎండీ గారు మహా మాటకారి. ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండుసార్లు "అక్కగారూ" అంటే రాయి కూడా కరుగుతుంది. నేనేమీ రాయిని కాను. అందుకని మీటింగుకు వెళ్లే ముందే ఆ ఫలితాలన్నీ, భాయ్‌కు చెప్పి, ఆసుపత్రి నైతిక కమిటీకి పంపేశాను. మనుషుల మీద పరీక్షలు సరిగ్గా జరుగుతున్నాయా లేదా అని చూసే కమిటీ అది. పంపాక ముఖం కడుక్కుని మీటింగు గదిలోకి వెళ్లాను.

ఆ గదిలో ఎండీ గారు, డాక్టరు గారు, మార్కెటింగ్ చూసే ఆయన, భాయ్, నేను. చుక్కల బొమ్మ తెర మీద చూపించాను.

మార్కెటింగ్ ఆయన ముందు అందుకున్నాడు. "మేడమ్, ఈ టెస్టు మనం ఒప్పుకున్న పద్ధతిలో లేదు కదండీ. ఉన్న టెస్టులన్నీ పాసయ్యాం. లేనిదాన్ని మనమే ఎందుకు తెచ్చుకోవడం? అయినా ఇది మీ మందు. మీరే కాదంటే ఎలాగండీ?"

"నా మందు గనకే కాదంటున్నాను. పక్కవాళ్ల మందైతే ఇంత గట్టిగా అనే హక్కు నాకెక్కడిది?" అన్నాను.

డాక్టరు గారు మంచివారు, జాగ్రత్త మనిషి. గడ్డం గోక్కుంటూ, "ఫస్ట్ డోస్ చాలా లో డోస్ కదా మేడమ్. వార్డులోనే ఉంచుతాం. అడ్రినలిన్ పక్కనే రెడీగా పెట్టుకుంటాం. రియాక్షన్ వచ్చినా మేనేజ్ చేయొచ్చు" అన్నారు.

"డాక్టరు గారూ, అడ్రినలిన్ పక్కన పెట్టుకునేది తెలియని ప్రమాదం కోసం. ప్రమాదం ఉందని తెలిసి గుచ్చి, ఆ తర్వాత కాపాడతామంటే దాన్నేమంటారు? సురక్షితమైన మందని మేస్త్రమ్మకు నా నోటితో చెప్పి వచ్చాను. మళ్లీ నా నోటితోనే కాదని చెబుతాను. మీరు వార్డులో మొదలుపెడితే వార్డు గుమ్మంలో నిలబడి చెబుతాను" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. తగ్గించలేదు.

ఎండీ గారు లేచి తెర మీది బొమ్మ ఆపేశారు. తర్వాత, "అక్కగారూ, ఇది బయటికి పోకుండా మనమే సర్దుకుందాం. ఒక వారం టైమివ్వండి" అన్నారు.

"పొద్దున్నే కమిటీకి పంపేశానండీ."

"నాతో ఒక్క మాట చెప్పి పంపాల్సింది కదండీ" అన్నారాయన. ఆ గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది.

"చెబితే పంపనిచ్చేవారా?"

ఆయన తల దించుకున్నారు. "పంపనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. ఆయనలో నాకు నచ్చేదదే, అబద్ధం ఆడటం రాదు. "అందుకే చెప్పలేదండీ" అన్నాను.

పరీక్ష ఆగిపోయింది. పెట్టుబడి పెట్టడానికి వచ్చినవాళ్లు మర్యాదగా వెనక్కి వెళ్లారు. కొత్త భవనానికి వేసిన పునాది మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. మార్కెటింగ్ ఆయన వేరే ఉద్యోగం చూసుకున్నాడు, వెళ్తూ నాకు చెప్పి వెళ్లలేదు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి భాయ్ తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. బాధపడలేదంటే అబద్ధం. ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. పొద్దున లేచి మళ్లీ అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో కూర్చునేదాన్ని. నేనెందుకు లేచి పోవాలి?

అందరికన్నా గట్టిగా దెబ్బకొట్టింది మేస్త్రమ్మ. పరీక్ష ఆగిందని తెలిసి, పని మానుకుని, రెండు బస్సులు మారి ల్యాబుకు వచ్చింది. గేటు దగ్గరే నిలబెట్టి కడిగేసింది.

"మందుందన్నారు, ఒళ్లో పెట్టినట్టే పెట్టి లాగేసుకున్నారు. ఎవరికి భయపడి ఆపారండీ?"

"నీకేమన్నా అవుతుందని ఆపానమ్మా. నీ రక్తం ఆ మందును చూసి రేగిపోయింది."

"రేగితే రేగనీండి. చస్తే నేను చస్తాను గదా, మీకేం పోయింది? నేను మళ్లీ పీట మీద కూర్చోటం అంటే చచ్చినట్టు కాదా?"

నేనూ అరిచాను. "నువ్వు చస్తే నా మందు చంపినట్టు! నీ ప్రాణం మీద నీకు హక్కుంది, కాదనను. నా మందు చేత మనిషిని చంపించే హక్కు నీక్కూడా లేదు!" గేటు కాపలా మనిషి బిత్తరపోయి చూశాడు. ఆవిడ నన్ను ఒక చూపు చూసి, కొంగు దోపుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ చూపు నన్ను వదల్లేదు. మందు ఆపాను గానీ నోరు ఆపుకోలేదు. తిన్నగా ఎండీ గారి గదిలోకి వెళ్లి, ఆ షెడ్డు యజమాని ఒకప్పుడు మీ దగ్గర రొయ్యలు కొన్నవాడే కదా, ఉడికించే చోట ఆవిరి లాగే ఫ్యాన్లు పెట్టించమని చెప్పండి, మేస్త్రమ్మను పీట మీద కూర్చోబెట్టొద్దని చెప్పండి అన్నాను. నాతో మాట్లాడటం మానేసిన మనిషి, నా ఎదుటే ఫోను తీసి మాట్లాడారు. ఫ్యాన్లు వచ్చాయి. ఆవిడ ఆయాసం పోలేదు, కాస్త తగ్గింది. మూతికి మాస్కు, బొడ్లో ఇన్‌హేలరు పెట్టుకుని మేస్త్రిగానే నెట్టుకొచ్చింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

మేము మళ్లీ మొదటికి వచ్చాం. ఈసారి మడతను విప్పేయాలి. విప్పితే ప్రొటీన్ విరిగిన పాలలా ముద్ద కట్టేది. ముద్ద కట్టకుండా చేస్తే ఒళ్లు దాన్ని అసలు గుర్తించేదే కాదు. ఎన్ని రకాలు చేశామో, ఎన్ని పారబోశామో. మెల్లిగా ఒకరొకరే నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చోసాగారు, మొదట పని గురించే, తర్వాత ఊరికే. రక్తం ఇచ్చేవాళ్లను ఇప్పుడు తింటే ఏమవుతుందనీ అడిగేవాళ్లం, పీలిస్తే ఏమవుతుందనీ అడిగేవాళ్లం. తినేవాళ్ల రక్తానికీ పీల్చేవాళ్ల రక్తానికీ ఒక్క చుక్క కూడా కదలని రోజు వచ్చినప్పుడు ఎండీ గారు కాజాలు తెప్పించలేదు. వచ్చి భాయ్ వెనకాల నిలబడి, "ఏమంటారు భాయ్?" అన్నారు. భాయ్ "చూద్దాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త మందుకు మళ్లీ అనుమతులు వచ్చేసరికి నా పదవీ విరమణ దగ్గర పడింది. మొదటి సూది వేయించుకోవడానికి ఒప్పుకున్నవాళ్లలో మేస్త్రమ్మ ఉందని డాక్టరు గారు చెబితే నేను నమ్మలేదు. అన్నీ వివరించడానికి ఆయన వెళ్లినప్పుడు ఆవిడ ఆయన్ను ఒకటే అడిగిందట: "ఆ గయ్యాళి మేడమ్ గారు ఒప్పుకున్నారా?" ఒప్పుకున్నారని చెబితే వేలిముద్ర కాదు, సంతకం పెట్టిందట.

ఆ మందు ఆయాసం తగ్గిస్తుందో లేదో ఇది రాస్తున్న రోజుకి ఇంకా తేలలేదు. పరీక్షలు నడుస్తున్నాయి. మొదటి సూదితో తేలాల్సింది ఒక్కటే, మందు మనిషికి హాని చేయదని. సూది వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండాలి. విజయవాడలోని ఆ ఆసుపత్రి వార్డులో మంచం మీద మేస్త్రమ్మ, పక్కన అడ్రినలిన్ ట్రేతో నర్సమ్మ, కాళ్ల దగ్గర డాక్టరు గారు. భాయ్ ఫ్లాస్కులో టీ తెచ్చారు గానీ ఎవరూ తాగలేదు. ఎండీ గారు లోపలికి రాలేక వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్కడే నిలబడతానని ఒకప్పుడు అన్నాను కదా.

సూది గుచ్చిన చోట దద్దు లేవలేదు. పెదవులు ఉబ్బలేదు. బీపీ పడలేదు. దగ్గు కూడా రాలేదు. పక్క మంచం మీది ముసలాయన రేడియోలో ఎవరో ధరవరలు చదువుతున్నారు. మేస్త్రమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూస్తూ పడుకుంది. అరగంట అయిపోయిందని డాక్టరు గారు చెప్పగానే లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుంటూ, అన్నేళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇంతేనా మేడమ్ గారూ? ఏమీ కాలేదు గదా! ఈ మాత్రం దానికా నన్ను ఇన్నాళ్లు ఆపారు?"

"ఈ మాత్రం దానికే" అన్నాను.